ఎవరికీ అక్కర్లేని పదిహేడు

ఉదయం ఎనిమిదికి ఇంకా పది నిమిషాలుందనగా, గ్రేబిల్ క్రాసింగ్ ఊళ్లో ఫైర్ స్టేషన్ హాలు బాత్‌రూములో మంగలి చెస్టర్ స్టాఫర్ చచ్చిపడి ఉన్నాడు.

యాభై మూడేళ్ల మనిషి. తడిగుడ్డల బకెట్ పక్కన గోడకు వీపు ఆనించి, కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడు. నోరు తెరిచి ఉంది. నోట్లో గులాబీరంగు బబుల్ గమ్ పలక, పెంకుముక్కలా గట్టిపడి రెండుగా విరిగి ఉంది. నలభై ఏళ్ల కిందటి గమ్. అది గొంతుకడ్డం పడి ఊపిరాడక పోయాడని అంబులెన్సు వాళ్లు తేల్చేశారు. ఎడమచెవి వెనక, జుట్టు మొదట్లో ఉన్న సూదిపోటు వాళ్ల కంటపడలేదు.

పది గంటలకు పాత బొమ్మకార్డుల సంత యథాప్రకారం మొదలైంది.

అంతకు ముప్పావుగంట ముందు, హాలు వెనక ఆపిన రొట్టెల వ్యానులో, లైల్ హోబర్ట్ ఒక స్వెటర్ వంక చూస్తూ మొహం చిట్లించుకున్నాడు. గోధుమరంగు ఊలు స్వెటర్, రెండు గుండీలు లేవు, పొట్ట దగ్గర ఆవముద్ద మరక.

"ఈ మరక ఎందుకు సార్?"

"నమ్మకం కోసం," అన్నాడు అతని పై అధికారి టిబ్స్. "మన వాళ్లే పూశారు. శుభ్రంగా ఉన్నవాణ్ణి అక్కడ అనుమానిస్తారు. తొడుక్కో."

లైల్ తొడుక్కున్నాడు. పద్దెనిమిదేళ్ల సర్వీసులో పాదిరీ వేషం, పైలట్ వేషం, ఒకసారి చేపలమ్మే వేషం కూడా వేశాడు. చేపలే నయమనిపించింది.

"ప్రేగ్‌లో విలెమ్ అని ఒక గుమస్తా ఉన్నాడు. గుర్తుందా?"

లైల్ చేతులు గుండీ దగ్గర ఆగిపోయాయి. గుర్తు లేకపోవడమేమిటి? ఏడేళ్ల కిందట, మంచు పడుతుంటే, ట్రామ్ స్టాపులో ఆ మనిషిని ఒప్పించింది తనే. విలెమ్ డబ్బు అడగలేదు. పాస్‌పోర్టు అడగలేదు. "నా పేరు ఎక్కడైనా కాగితం మీద ఉంటుందా?" అని ఒక్కటే అడిగాడు. ఉండదని మాట ఇచ్చాడు లైల్.

"కాగితం మీద ఉంది," అన్నాడు టిబ్స్, తన కాఫీలోకి చూస్తూ. "మన రికార్డు గదిలోనే. ఎవడో గురువారం ఆ పేజీకి ఫోటో తీశాడు. అంతా అంకెల్లో ఉంటుంది, తీసినవాడికి కూడా ఏమీ అర్థం కాదు. అవతలి వాళ్లు మాత్రం రెండు రోజుల్లో విప్పేస్తారు. నిన్న ఆ ఫైలు వేరే ఖజానాకు మారింది. కాబట్టి మళ్లీ తీయడానికి లేదు. ఉన్నది ఒక్కటే ఫిల్ము. గోరంత."

"ఎక్కడుంది?"

"బబుల్ గమ్ కార్డులో."

లైల్ లేని గుండీని పెట్టుకోబోయాడు.

"కమాండర్ రెక్స్‌ఫర్డ్," అన్నాడు టిబ్స్. "పంతొమ్మిది వందల నలభై రెండులో పదిహేను శనివారాలు ఆడిన సీరియల్ సినిమా. వారం వారం కమాండర్‌ని ఏ సొరంగంలోనో ముంచేస్తారు, పై శనివారం పైకి తేలతాడు. ఆ బొమ్మలతో కార్డులు వేశారు. సెంటుకో గమ్ ముక్క, దాంతో ఒక కార్డు, మొత్తం నలభై ఎనిమిది. వాటికోసం ఇప్పుడు గెడ్డాలు నెరిసిన మగాళ్లు కొట్టుకు చస్తున్నారు. మనకు కావలసింది పదిహేడు. అట్టను మధ్యకు చీల్చి, ఫిల్ము పెట్టి, మళ్లీ అతికించారు. పాతిక సెంట్ల చిల్లర పెట్టెలో పడేశారు. పదింటికి వాళ్ల మనిషి వచ్చి కొనుక్కోవాలి. లోకంలో అంత పనికిమాలిన కార్డు లేదట. ఎవరూ ముట్టరని ధైర్యం."

"ముట్టారు."

"తలుపులు తెరవక ముందే. ఏడింటికి దుకాణదారులంతా బల్లలు సర్దుకుంటూ, ఒకరి పెట్టెలు ఒకరు కెలుక్కుంటారట. అసలు బేరమంతా అప్పుడేనట. జనం కోసం తలుపులు తెరిచేసరికి మిగిలేది పొట్టు. ఆ సంగతి గూఢచారులకు తెలీదు. చెస్టర్ కొనేశాడు. తర్వాత ఏమైందో విన్నావుగా. అతని జేబుల్లో కార్డు లేదు. ఇదంతా మార్గో చెప్పింది, తొమ్మిదింటికి ఫోన్ చేసి."

మార్గో లిండ్ మూడేళ్లుగా అవతలి ముఠాలో పనిచేస్తూ ఇవతలికి కబుర్లు మోస్తున్న మనిషి. లైల్ ఆమెను రెండుసార్లు చూశాడు. రెండుసార్లూ ఆమె సెంటు వాసన మర్నాటిదాకా కోటుకు పట్టుకుని ఉంది.

"ఏ బల్ల మీద పెట్టారట?"

"అది ఆమెకూ తెలీదట. నాలుగింటికి సంత ఎత్తేస్తారు. ఆ తర్వాత ఈ కార్డులన్నీ అరవై కార్లలో అరవై ఊళ్లకు పోతాయి. లోపల నువ్వు, ఆమె. రేడియో నీ వినికిడి మిషన్‌లో ఉంది, ఆమె దగ్గరా ఒకటుంది. మిగతా మనవాళ్లు రావడానికి సాయంత్రమవుతుంది."

"విలెమ్‌కి కూతురుంది సార్," అన్నాడు లైల్.

"తెలుసు," అన్నాడు టిబ్స్. "అందుకే ఆ స్వెటర్ వేసుకుని పో."

హాల్లోకి అడుగుపెట్టగానే వాసన మొహాన కొట్టింది. తడిసిన ఉన్ని, ఉడికిన ఉల్లిపాయ, అటక మీద పాతికేళ్లు మగ్గిన అట్ట. ఒక పక్క ఫైర్‌మెన్ భార్యలు కోడిమాంసం, మొక్కజొన్న గింజల సూపు పోస్తున్నారు. వాళ్ల ముందు గాజు జాడీలో బీట్‌రూట్ రసంలో ఊరిన కోడిగుడ్లు, దెబ్బ తగిలిన కళ్లలా ఊదారంగులో తేలుతున్నాయి. బల్లల మీద వరుసలు వరుసలుగా కార్డులు. వాటి మీదికి వంగిన బట్టతలలు. ఒక పెద్దమనిషి భూతద్దంలోంచి ఒక కార్డు మూల చూస్తూ ఊపిరి కూడా బిగబట్టాడు. సొంత బిడ్డ పుట్టినప్పుడు కూడా ఇంత శ్రద్ధగా చూసి ఉండడు అనుకున్నాడు లైల్.

ఒక్కో బల్లా చూసుకుంటూ పద్నాలుగో దాని దగ్గరకు చేరేసరికి పన్నెండయింది. అది చెస్టర్‌ది. సగం మీద నల్లగుడ్డ కప్పి ఉంది. మిగతా సగం వెనక అతని అక్క డోరిస్ కూర్చుని ఉంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, నిటారుగా, ఒళ్లో చేతిసంచీ పెట్టుకుని. కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ పొడిగా ఉన్నాయి.

లైల్ కంటే ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు.

"అయ్యో డోరిస్, వినగానే కాళ్లూ చేతులూ ఆడలేదు. చెస్టర్‌లాంటి మనిషి మళ్లీ పుట్టడు," అన్నాడు మొదటివాడు.

"మళ్లీ పుట్టడు," అన్నాడు రెండోవాడు.

"అవును," అంది డోరిస్.

"అదీ... ఆ ముప్పై ఆరో నంబరు, వాడు నాకిస్తానన్నాడు. గుర్తుందా నీకు?"

"నాక్కూడా అదే అన్నాడు," అన్నాడు రెండోవాడు గబుక్కున.

డోరిస్ వాళ్లిద్దరి వంకా మార్చి మార్చి చూసింది. "వాణ్ణి ఇంకా శవపెట్టెలో కూడా పెట్టలేదు. పోండి, సూపు చల్లారిపోతుంది."

వాళ్లు పోయారు, కానీ దూరం పోలేదు. మూడు బల్లల అవతల నిలబడి ముప్పై ఆరు వైపే చూస్తున్నారు. శవం మీద వాలే రాబందులకు కనీసం ఆకలనే సాకు ఉంటుంది.

అతను తలవంచుకుని ఒక కట్ట తీసి, వేలు నాలికకు అద్దుకుని మొదటి కార్డు తిప్పబోయాడు.

"వేలు!" అంది డోరిస్. పక్క బల్లల వాళ్లు కూడా తలెత్తారు. "ఆ వేలుతో నా కార్డు ముట్టుకున్నావంటే, వేలు ఇక్కడే వదిలేసి ఇంటికి పోతావు అబ్బాయ్."

"తప్పైంది మేడమ్."

"నువ్వు కార్డుల మనిషివి కావు."

"ఒక్క వేలుకే అలా అనేస్తే ఎలా?"

"వేలు కాదు. పొద్దుటి నుంచి ఇక్కడికి వచ్చినవాడెవడూ ముందు నా మొహం చూడలేదు. నువ్వు చూశావు." ఆమె గొంతు తగ్గించింది. "పోలీసువా?"

అబద్ధం చెప్పడం లైల్ ఉద్యోగం. ఎందుకో ఆ మనిషి ముందు నోరు రాలేదు. "అలాంటివాణ్ణే."

"అయితే విను. నా తమ్ముడు గమ్ తిని చచ్చిపోలేదు. విప్పని పాకెట్ మా ఇంట్లో ఒకటుంది. ముప్పై ఏళ్లుగా దాన్ని సబ్బుతో చేతులు కడుక్కుని ముట్టుకునేవాడు. ఆ పిచ్చి మొద్దు దాన్ని చింపి నోట్లో వేసుకుంటాడా? నలభై రెండులో తూటాల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, జీతంలోంచి వాడికి ఆ గమ్ కొనిపెట్టింది నేను. అప్పుడు కూడా గమ్ నాకిచ్చేసి కార్డు తను ఉంచుకునేవాడు."

లైల్ బల్ల మీదికి ఇంకాస్త వంగాడు. "పొద్దున అతను ఒక పదిహేడో నంబరు కొన్నాడు. మీకు చూపించాడా?"

"పదిహేడా?" ఆమె నల్లగుడ్డ కింది నుంచి ఒక బూట్ల పెట్టె లాగింది. మూత తీసింది. నిండా పదిహేడులే. మంచుకనుమలో కమాండర్ రెక్స్‌ఫర్డ్ గొర్రెల కాపరి వేషంలో, వందలసార్లు, అదే వెర్రి నవ్వుతో. "నాలుగువందల పదకొండు. ఎవరూ కొనని కార్డు ఇది. ప్రతి రెండో పాకెట్‌లో ఇదే వచ్చేది. పిల్లలు సైకిలు చక్రాల్లో గుచ్చేవాళ్లు, మురిక్కాలవలో పడేసేవాళ్లు. మా వాడికి వీటి మీద జాలి. ఎక్కడ కనబడినా కొనేవాడు. వీధికుక్కల్ని ఇంటికి తెచ్చేవాళ్లు లేరూ, అలాగ."

మొత్తం రాష్ట్రంలో పదిహేడు కావాలనే మనిషి ఒక్కడే ఉన్నాడు. ముఠా తన రహస్యాన్ని వెతికి వెతికి అతని చేతికే అందించింది.

ఎదురు వరుసలో, ఇరవై రెండో బల్ల వెనక, పలచటి జుట్టు మనిషి ఒకడు ఊదారంగు గుడ్డు కొరుకుతూ ఆ పెట్టె వైపే చూస్తున్నాడు. లైల్ తలెత్తగానే చూపు తిప్పుకున్నాడు. పదకొండింటి నుంచి అది వాడికి ఆరో గుడ్డు. గడ్డం మీద రసం కారుతోంది, తుడుచుకోవడం లేదు.

"వాడెవడు?"

"నార్బర్ట్ సైక్స్. వారమంతా వాషింగ్టన్‌లో ఏదో ప్రభుత్వ గుమస్తాగిరీ, శని ఆదివారాలు ఇదీ. వాడికి ఆకలెప్పుడూ ఎక్కువే."

వాషింగ్టన్ అన్న మాట లైల్ చెవిలో పడింది కానీ మనసులో దిగలేదు. సరిగ్గా అప్పుడే సెంటు వాసన వచ్చింది.

ఎర్రకోటు, నల్ల చేతితొడుగులు, నెమ్మదైన నడక. మార్గో లిండ్ ఆ హాల్లో చెత్తకుప్ప మీద వాలిన చిలకలా ఉంది. అయినా ఒక్క తలా లేవలేదు. ఆమె ఏ కార్డులోనూ లేదు మరి.

"కమాండర్ ఎక్కడున్నాడు?" అంది, కార్డులు చూస్తున్నట్టు నటిస్తూ.

"సొరంగంలో. పీకలదాకా నీళ్లలో," అన్నాడు లైల్. సంకేతవాక్యం పలుకుతుంటే తనకే సిగ్గేసింది.

ఆమె చూపు బూట్ల పెట్టె మీద పడింది. "ఓ, ఇవన్నీనా! లైల్, ఇక్కడ వెతకడం కుదిరే పని కాదు. పెట్టె మొత్తం వ్యానులోకి చేర్చాలి. నేను కొన్నట్టు తీసుకుపోతాను. ఎవరికీ అనుమానం రాదు."

"ఇది అమ్మకానికి కాదు," అంది డోరిస్.

బతిమాలడానికి లైల్‌కు మూడు గంటలు పట్టింది. మధ్యలో డోరిస్ రెండుసార్లు పొమ్మంది, ఒకసారి తన సూపులో సగం పోసి ఇచ్చింది. చివరికి మూడుంపావుకు అతను విలెమ్ పేరు చెప్పకుండా విలెమ్ సంగతి చెప్పాడు. ఎక్కడో ఒక గుమస్తా ఉన్నాడని, అతనికి పన్నెండేళ్ల కూతురని, ఆ కార్డు దేశం దాటితే వారంలో ఇద్దరూ ఉండరని, మాట ఇచ్చింది తనేనని. డోరిస్ పెట్టె మీద చెయ్యి ఒకసారి నిమిరింది. తర్వాత దాన్ని మార్గో వైపు తోసింది, మొహం చూడకుండా.

మార్గో పెట్టె చంకన పెట్టుకుని తలుపు వైపు కదిలింది.

"ఇంతకీ కార్డులో ఏం చేశార్రా వాళ్లు?" అంది డోరిస్.

"అట్టను రెండు పొరలుగా చీల్చి, మధ్యలో ఫిల్ము పెట్టి, అతికించారు."

"చీల్చారా? అసలు కార్డునా?" ఆమె మొహం చూసి లైల్ ఉలిక్కిపడ్డాడు. తమ్ముడి చావు గురించి చెప్పేటప్పుడు కూడా ఆ మొహం అలా మారలేదు. "ఎవరు చేశారు? కార్డుల మనిషేనా?"

"చేతిపని తెలిసినవాడే అయ్యుండాలి. అంత సన్నంగా చీల్చడం మరొకడి వల్ల కాదు."

"అయితే అసలుది చీల్చడు." ఆమె గట్టిగా తల ఊపింది. "దొంగైనా, హంతకుడైనా, కార్డుల మనిషి యుద్ధకాలం నాటి కార్డుకు బ్లేడు పెట్టలేడు. ఎంత చెత్తదైనా సరే. చెయ్యి రాదు. వాడు ఈమధ్య అచ్చేసిన నకిలీ తెచ్చి దాన్ని చీల్చి ఉంటాడు. పైవాళ్లకు మాత్రం అసలుదేనని చెప్పి ఉంటాడు."

"అయితే ఏమిటి? నకిలీదైనా ఆ పెట్టెలోనే..."

"ఆ పెట్టెలోనా? నా తమ్ముడు నకిలీని అసలువాటితో కలుపుతాడా? మతి ఉండే మాట్లాడుతున్నావా? పొద్దున మసకలో కొని ఉంటాడు, తర్వాత దీపం కింద చూసి ఉంటాడు. కోపంతో ఊగిపోయి ఉంటాడు. అమ్మినవాడి దగ్గరకే పోయి, నీ సంగతి తేలుస్తానని అరిచి ఉంటాడు. వాడి స్వభావమది." ఆమె గోడగడియారం వైపు తిరిగింది. మూడూ ఇరవై ఎనిమిది. "నకిలీ దొరికితే మేము ఒకటే పని చేస్తాం. ఎవరి దగ్గర కొన్నామో చీటీ రాసి, ఫిర్యాదు పెట్టెలో వేస్తాం. బేరాలన్నీ అయ్యాక మూడున్నరకు అధ్యక్షుడు అందరి ముందూ తెరిచి పేరు చదువుతాడు. ముందే చదివితే రోజు బేరం పాడవుతుందని."

లైల్ చెయ్యి దానంతటదే చెవి దగ్గరకు పోయింది. "మార్గో, తప్పు పెట్టె. ఫిల్ము ఫిర్యాదు పెట్టెలో ఉంది. వేదిక మీద."

"విన్నాను," అంది ఆమె గొంతు, తీయగా.

అనేశాక అతనికి లెక్క తట్టింది. ఏ బల్ల మీద పెట్టారో మార్గోకు తెలీదట. పదిహేడో నంబరని తెలుసు, ఎన్నింటికో తెలుసు, చెస్టర్ కొన్నాడని తెలుసు. బల్ల ఒక్కటే తెలీదు. ఎందుకంటే బల్ల చెబితే అమ్మినవాడు దొరుకుతాడు. చెస్టర్ చచ్చింది ఎనిమిదికి. ఆమె ఫోన్ చేసింది తొమ్మిదికి. మధ్యలో గంటసేపు కార్డు వెతికి, దొరక్క, వేటకుక్కను పిలిచింది. ఆ కుక్క పొద్దుటి నుంచీ, ఆవముద్ద మరకతో సహా, తోకూపుతూ వెతికిపెట్టింది. చెస్టర్ బూట్ల పెట్టెను కూడా తనే బతిమాలి ఇప్పించింది.

లైల్‌కు జీవితంలో అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు, అందులో ఎక్కువ భాగం తన మీదే.

వేదిక మీద అధ్యక్షుడు ఎల్‌వుడ్ రోర్‌బా మైకు గోకాడు. అది కీచుమంది. ఫిర్యాదు పెట్టెగా వాడే చుట్టల పెట్టె తెరిచి ఒక కార్డు, దానికి గుచ్చిన చీటీ పైకి తీశాడు.

"ఈసారి ఒక్కటే ఫిర్యాదు. పోయిన మన చెస్టర్ చేతిరాత ఇది. పదిహేడో నంబరు, నకిలీ. అసలుదని అమ్మినవాడు, ఇరవై రెండో బల్ల, నార్బర్ట్..."

హాల్లో "ఛీ" అన్న శబ్దం అలలా లేచింది. ఇరవై రెండో బల్ల వెనక నార్బర్ట్ సైక్స్ నోట్లోని గుడ్డు మింగలేక, కక్కలేక నిలబడిపోయాడు. అంతలో ఎర్రకోటు వేదిక ఎక్కింది. ఎల్‌వుడ్ చేతిలోంచి కార్డు పోయింది. ఆమె పరుగెత్తలేదు. పక్కతలుపు వైపు నడిచింది, రైలు అందుకోవడానికి తగినంత వ్యవధి ఉన్న మనిషిలా. తలుపు అద్దంలోంచి బయట బూడిదరంగు కారు, దాని పక్కన టోపీ మనిషి కనబడుతున్నారు.

లైల్‌కూ ఆమెకూ మధ్య ఎనిమిది బల్లలు, నూటయాభైమంది జనం. ఒక్కడూ పక్కకు జరగడంలేదు. జరగమంటే, ముందు కార్డులు సర్దుకోనీ అంటున్నాడు.

"నలభై ఎనిమిది!" అని అరిచింది డోరిస్, కుర్చీ మీదికెక్కి. "అదిగో, ఆ ఎర్రకోటు పిల్ల నలభై ఎనిమిదో నంబరు ఎత్తుకుపోతోంది!"

నలభై ఎనిమిది అచ్చులో ఉండగా యుద్ధం వల్ల కాగితానికి రేషన్ వచ్చిపడింది. లోకం మొత్తం మీద ఐదే ఉన్నాయని లెక్క. అందులో మూడు ఎవరి దగ్గరున్నాయో చెప్పరు. కళ్లారా చూసినవాళ్లు ఆ హాల్లో ఇద్దరు.

నూటయాభై తలలు ఒక్కసారి లేచాయి. హంతకురాలని అరిచి ఉంటే సగంమంది భూతద్దాలు కూడా దించేవాళ్లు కాదు. ఇప్పుడు బల్లలు జరిగాయి, కుర్చీలు పడ్డాయి, సూపు కుండ తిరగబడింది, గుడ్ల జాడీ పగిలింది, పొద్దుటి నుంచీ ముప్పై ఆరుకోసం కాచుకున్న ఇద్దరూ అందరికంటే ముందు పరుగెత్తారు. "ఒక్కసారి చూపించమ్మా!" "మూల మడతపెట్టకే తల్లీ!" "వేళ్లు తీయ్, వేళ్లు తీయ్!" ఎవడో ఆమె కోటు పట్టుకున్నాడు. లిప్‌స్టిక్ గొట్టంలోంచి సూది బయటికి తీసిందో లేదో, ఊదారంగు గుడ్డు మీద కాలు వేసి మార్గో లిండ్ జారింది.

జారుతూ జారుతూనే తలుపు సందులోంచి చెయ్యి చాపింది. బయటి టోపీ మనిషి వేళ్లు కార్డును అందుకున్నాయి.

లైల్ మనుషుల మీదుగా దూకి భుజంతో తలుపును మూశాడు. కార్డు సందులో ఇరుక్కుంది, సగం లోపల, సగం బయట. లైల్ ఇటు లాగాడు. బయటివాడు అటు లాగాడు. పచ్చి జిగురు చిన్నగా చప్పుడు చేసింది. కార్డు రెండు పొరలుగా ఊడిపోయింది. కారు బర్రుమని కదిలింది.

తన చేతిలో ఏముందో చూడడానికి లైల్‌కు ధైర్యం చాలలేదు. ఊపిరి బిగబట్టి వేళ్లు విప్పాడు. కార్డు వెనక పొర. కమాండర్ చేసిన సాహసం గురించి ఏడు వరుసల సోది. అవతలి వైపు తిప్పితే, జిగురులో అంటుకుని, గోరంత ఫిల్ము.

బొమ్మ పొర మాత్రం బూడిదరంగు కారులో వెళ్లిపోయింది. గొర్రెల కాపరి వేషంలో కమాండర్ రెక్స్‌ఫర్డ్ ఆ సాయంత్రమే విమానమెక్కి శత్రుదేశానికి పోయాడు. నకిలీ కమాండర్.

"నువ్వు మంచి వేటకుక్కవి లైల్," అంది మార్గో నేల మీద నుంచి. ఆమె మీద ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని, నలభై ఎనిమిది ఎక్కడే అని ఆమె తొడుగులు వెతుకుతున్నారు.

"కుక్కలు కరుస్తాయి మార్గో," అన్నాడు లైల్. తెలివైన మాటేం కాదు. అంతకంటే ఆ పూట నోటికి రాలేదు.

నార్బర్ట్ సైక్స్‌ను పట్టుకోవడానికి పరుగులు అక్కర్లేకపోయింది. బల్ల కిందికి దూరి, ఒక రేకు టిఫిన్ డబ్బాను రెండు చేతులా కావలించుకుని కూర్చున్నాడు. లైల్ డబ్బా లాక్కుని తెరిచాడు. లోపల పలచటి గాజుపలకల మధ్య ఒకే ఒక కార్డు. మండుతున్న వంతెన మీద కమాండర్, వెనక ఎర్రటి ఆకాశం. నలభై ఎనిమిదో నంబరు.

ఉత్తుత్తినే ఆ నంబరు అరిచిన డోరిసే నోరెళ్లబెట్టింది.

"వాళ్లు నీకిచ్చిన కూలీ ఇదా?" అన్నాడు లైల్. "డబ్బు కాదూ?"

"డబ్బుతో ఇది దొరకదు," అన్నాడు నార్బర్ట్. గొంతులో సిగ్గు లేదు, కాస్త గర్వం కూడా ఉంది. "నా సెట్టు పూర్తయింది. పద్దెనిమిదేళ్లు పట్టింది."

"ఆ పేజీలో ఎవడి ప్రాణం ఉందో తెలుసా నీకు?"

"అంకెలే కదా. నేను చదవలేదు."

"పదిహేడు అసలుదని వాళ్లకెందుకు చెప్పావు?"

నార్బర్ట్ మొదటిసారి ఇబ్బందిగా కదిలాడు. "అసలుదే వాడమన్నారు. కానీ, నలభై రెండు నాటిది... బ్లేడు పట్టుకుంటే చెయ్యి వణికింది. నాకు మనసు రాలేదు."

ఒక తండ్రినీ కూతురినీ కోయడానికి వణకని చెయ్యి, అట్టముక్కను కోయడానికి వణికింది.

"చెస్టర్ ఫిర్యాదు పెట్టెలో వేశాడని నీకు తెలుసు కదా?" అంది డోరిస్ మెల్లగా.

"అనుకున్నాను. చెబితే అది నకిలీదని ఆమెకు తెలిసిపోతుంది. నన్ను చంపేసేది."

"అందుకని పొద్దుటి నుంచీ ఇక్కడ కూర్చుని గుడ్లు తింటున్నావు. నా ఎదురుగా."

వాడు తల దించుకున్నాడు. తర్వాత లైల్ చేతి వంక చూశాడు. "సార్, దాన్ని వెలుతురులో ఉంచకండి. రంగు పోతుంది."

చెవిలో టిబ్స్ గొంతు గరగరమంది. ఫిల్ము సంగతి విని కాఫీ చప్పరించాడు. తర్వాత, "ప్రేగ్‌లో ఇప్పుడు రాత్రి పది. ఆ మనిషి ఈపాటికి నిద్రపోతుంటాడు. పోనీ," అన్నాడు. లైల్ కళ్లు మూసుకుని, తెరిచాడు. ట్రామ్ స్టాపులో ఇచ్చిన మాట ఇంకా విరగలేదు. చిట్లింది, అంతే.

కళ్లు తెరిచేసరికి డోరిస్ గాజుపలకల మధ్య నుంచి నలభై ఎనిమిదిని బయటికి తీసింది. రెండు వేళ్లతో, అంచులు పట్టుకుని, ఎంత జాగ్రత్తగా తీసిందంటే చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక అడుగు వెనక్కి వేశారు. వెలుతురుకు ఎత్తి చూసింది. ఎరుపు ఇంకా ఎరుపుగానే ఉంది.

"అందంగా ఉంది," అంది. "చెస్టర్ చూసి ఉంటే ఏడ్చేవాడు."

"అది సాక్ష్యం మేడమ్," అన్నాడు లైల్.

"అవునా?"

ఆమె దాన్ని సరిగ్గా మధ్యకు మడిచింది. బల్ల మీద పెట్టి, బొటనవేలి గోటితో మడత మీద ఆ చివర నుంచి ఈ చివరిదాకా గట్టిగా గీసింది.

నార్బర్ట్ సైక్స్ కెవ్వుమన్నాడు. ఆ రోజంతటిలో వాడు దేనికైనా ఏడ్చింది అదొక్కసారే.

మర్నాడు లైల్ హోబర్ట్ నివేదిక టైపు చేశాడు. మూడు పేజీలు. చివర్లో సాక్ష్యాల జాబితా. ఒకటి: ఫిల్ము ముక్క, భద్రంగా ఉంది. రెండు: బబుల్ గమ్ కార్డు, నంబరు నలభై ఎనిమిది, మధ్యలో మడత పడింది, ఎలా పడిందో ఎంత విచారించినా తెలియరాలేదు.